ఆవును చంపింది ‘హూ’నా, ‘వాట్’ఆ?

ప్రశ్న: మాది జన్నారం. తొమ్మిదో తరగతి చదువుతున్నాను. పులి ఆవును చంపిందనే వాక్యానికి ‘హూ కిల్డ్ ద కౌ?’ అని ప్రశ్న రాస్తే టీచర్ కొట్టేశారు. జంతువులకు ‘హూ’ వాడకూడదా?

జవాబు: టీచర్ దిద్దింది సరైనదేనమ్మా. ‘హూ’ అనగానే వినేవాళ్లకు మనిషే తోస్తాడు. కవ్వాల్ అడవి అంచున పశువు చచ్చిపడి ఉంటే, దేని పనో తెలియనప్పుడు ‘వాట్ కిల్డ్ ద కౌ?’ అని అడగాలి. పులా, చిరుతా అన్నంతవరకు తేలితే ‘విచ్ యానిమల్ కిల్డ్ ద కౌ?’ అనాలి.

అయితే పేరు పెట్టి పెంచుకునే కుక్కకు, కథల్లో మాట్లాడే నక్కకు ‘హూ’ చక్కగా నప్పుతుంది. అందుకే ముందు పాఠం చూడు. ఆ జంతువును ‘ఇట్’ అంటే ‘వాట్’ లేదా ‘విచ్’ రాయి; ‘హీ’, ‘షీ’ అంటే ‘హూ’ రాయవచ్చు. నా మటుకు ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు.

‘హూజ్ గోట్ ఈజ్ దిస్?’ అనడానికి జంకకు. అక్కడ అడిగేది మేకను గురించి కాదు, యజమానిని గురించి.

ఇట్లా చూసి రాసినా మళ్లీ మార్కు పోతే, జవాబు పత్రం, పాఠ్యపుస్తకం రెండూ తీసుకెళ్లి టీచర్‌నే అడుగు. ఆ వాక్యం చూడకుండా నేను తేల్చలేను.