పీసీఐఈ లింకు నిద్ర లేవడానికి ఎంతసేపు? లెక్క ఇలా వేద్దాం

చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ, వైఫై కార్డు ప్రాసెసర్‌తో మాట్లాడేది పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు మీదే. పని లేనప్పుడు ఆ లింకు ఎల్1 అనే నిద్రలోకి వెళ్తే కరెంటు ఆదా అవుతుంది. ఈ ఏర్పాటు పేరు ఏఎస్‌పీఎం. అయితే నిద్ర లేవడానికి కొన్ని మైక్రోసెకన్లు పడతాయి. అంతవరకూ పరికరం డేటాను తన బఫర్‌లో ఆపుకోవాలి. బఫర్ చిన్నదైతే ఎక్కువసేపు ఆగలేదు. అందుకే ఎల్1ను అనుమతించే ముందు లీనక్స్ కెర్నెల్ ఒక లెక్క వేసుకుంటుంది. ఆ లెక్కనే మనం కాగితం మీద వేద్దాం. డ్రైవర్ రాసిన అనుభవం అక్కర్లేదు. రెట్టింపు చేయడం, రెండింటిలో పెద్దది ఎంచడం వస్తే చాలు.

కావలసినవి

- లీనక్స్ ఉన్న కంప్యూటర్, అందులో రూట్ అనుమతి.
- ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్. ఇది పీసీఐయుటిల్స్ ప్యాకేజీలో ఉంటుంది.
- కాగితం, పెన్సిల్. దారి గీసుకోకుండా ఈ లెక్క మొదలుపెట్టవద్దు.

పద్ధతి

1. దారి గీద్దాం. ఎల్‌ఎస్‌పీసీఐని టీ ఆప్షన్‌తో నడిపితే పరికరాలు చెట్టు ఆకారంలో కనిపిస్తాయి. మన పరికరం దగ్గర మొదలుపెట్టి, ప్రాసెసర్ వైపున్న రూట్ పోర్టు దాకా పైకి గీయండి. మధ్యలో స్విచ్ ఉంటే దానికి కింద ఒక పోర్టు, పైన ఒక పోర్టు వేరువేరుగా రాయండి. మన ఉదాహరణలో ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక స్విచ్, ఒక రూట్ పోర్టు ఉన్నాయనుకుందాం. అంటే లింకులు రెండు: ఎస్‌ఎస్‌డీ నుంచి స్విచ్‌కు ఒకటి, స్విచ్ నుంచి రూట్ పోర్టుకు మరొకటి.

2. పరికరం ఓపిక ఎంతో చూద్దాం. ఇప్పుడు ఎల్‌ఎస్‌పీసీఐని రెండు వీల ఆప్షన్‌తో, సుడో పెట్టి నడపండి. సుడో లేకపోతే మనకు కావలసిన వరుసలు కనిపించవు. ఎస్‌ఎస్‌డీ కింద డెవ్‌క్యాప్ వరుసలో లేటెన్సీ దగ్గర ఎల్1 విలువ ఉంటుంది. పరికరం భరించగలిగే గరిష్ఠ ఆలస్యం అదే. మన ఉదాహరణలో 32 మైక్రోసెకన్లు.

3. ప్రతి లింకుకు రెండు కొసలా చదువుదాం. ఈసారి లింక్‌క్యాప్ వరుసలో ఎగ్జిట్ లేటెన్సీ చూడాలి. ఎస్‌ఎస్‌డీ 8 లోపు, స్విచ్ కింది పోర్టు 16 లోపు, స్విచ్ పై పోర్టు 32 లోపు, రూట్ పోర్టు 16 లోపు అని చెప్పాయనుకుందాం.

4. రిజిస్టర్ నుంచి సరిచూసుకుందాం. ఈ విలువ లింక్‌క్యాప్ రిజిస్టర్‌లో 15, 16, 17 బిట్లలో ఉంటుంది. మూడు బిట్లు కాబట్టి 0 నుంచి 7 దాకా ఒక అంకె వస్తుంది. 1 మైక్రోసెకనుతో మొదలుపెట్టి, ఆ అంకె ఎంతో అన్నిసార్లు రెట్టింపు చేయండి. 4 వస్తే 2, 4, 8, 16. అసలు అర్థం ‘8 నుంచి 16 లోపు’ అయినా మనం పై హద్దే తీసుకుంటాం. 7 వస్తే 64 కన్నా ఎక్కువ అని అర్థం. లీనక్స్ దాన్ని 65గా లెక్కిస్తుంది.

5. ఒక్కో లింకులో పెద్ద విలువ ఎంచుకుందాం. రెండు కొసలూ లేస్తేనే లింకు లేచినట్టు. మొదటి లింకుకు 8, 16లలో 16. రెండో లింకుకు 32, 16లలో 32.

6. స్విచ్‌కు ఒకటి కలుపుదాం. స్విచ్ తన కింది లింకు పూర్తిగా లేచేదాకా ఆగదు. తలుపు చప్పుడు విన్న మనిషి తాను ఇంకా లేస్తూనే పక్కగదిలో వాళ్లను పిలిచినట్టు, పై లింకును 1 మైక్రోసెకనులోపే లేపడం మొదలుపెడుతుంది. కాబట్టి ఒక్కో లింకు విలువకు దాని కింద ఎన్ని స్విచ్‌లు ఉంటే అన్ని మైక్రోసెకన్లు కలపాలి. మొదటి లింకు కింద స్విచ్ లేదు: 16. రెండో లింకు కింద ఒక స్విచ్ ఉంది: 33.

7. పోల్చి తేల్చేద్దాం. ఓపిక 32. మొదటి లింకుకు 16 కాబట్టి ఎల్1 పెట్టవచ్చు. రెండో లింకుకు 33 కాబట్టి వద్దు. లీనక్స్ కూడా ఇలాగే హద్దు దాటిన లింకులోనే ఎల్1ను తీసేస్తుంది, దారి మొత్తం మీద కాదు.

తరచుగా జరిగే పొరపాట్లు

- లింకులన్నీ కూడేయడం. 16, 32 కలిపి 48 అనేయడం మొదటిసారి దాదాపు అందరూ చేసేదే. లింకులు ఒకదాని తర్వాత ఒకటి కాదు, కొంచెం ఎడంతో కలిసే లేస్తాయి. కూడేస్తే అనుమతించదగ్గ దారులు కూడా మూసుకుపోతాయి.

- ఆ 1 మైక్రోసెకను మరిచిపోవడం. మన ఉదాహరణలో అది మరిచిపోతే 32కు 32 సరిపోయిందని రెండో లింకుకు కూడా ఎల్1 ఇచ్చేస్తాం. హద్దు దగ్గర ఆ ఒక్కటే ఫలితాన్ని మార్చేస్తుంది.

- ‘అన్‌లిమిటెడ్’ను ఒకే అర్థంలో చదవడం. డెవ్‌క్యాప్‌లో ఆ మాట కనిపిస్తే పరికరం ఎంతసేపైనా ఆగగలదని. అదే మాట లింక్‌క్యాప్‌లో కనిపిస్తే లేవడానికి పట్టే సమయం పట్టికలోని చివరి హద్దు దాటిందని. ఏ వరుసలో ఉన్నామో చూసుకునే రాయండి.

- ఎల్0ఎస్‌కు ఇదే సూత్రం వాడటం. ఎల్0ఎస్ తేలిక నిద్ర. దాని లెక్క 64 నానోసెకన్ల నుంచి మొదలవుతుంది. లీనక్స్ దానికి స్విచ్ ఆలస్యం కలపదు. ఒక్కో దిశనూ విడిగా చూస్తుంది. మైక్రో, నానో కలగలిస్తే లెక్క వెయ్యి రెట్లు తప్పుతుంది.

- తొందరపడి చదవడం. రెండు కొసలూ ఒకే క్లాకును పంచుకుంటున్నాయా లేదా అన్నదాన్ని బట్టి ఈ విలువలు, ముఖ్యంగా ఎల్0ఎస్‌వి, మారవచ్చు. కోడు రాస్తుంటే ముందు కామన్ క్లాక్ అమర్చి, ఆ తర్వాతే రిజిస్టర్లు మళ్లీ చదవాలి.

- పరికరం మాటను పూర్తిగా నమ్మడం. లెక్క సరిపోయినా కొన్ని పరికరాలు ఎల్1లో తడబడతాయి. అలాంటప్పుడు ఆ పరికరం డ్రైవర్‌లోనే పీసీఐ_డిజేబుల్_లింక్_స్టేట్ ఫంక్షన్‌ను పిలిచి ఎల్1ను ఆపాలి. అందరికీ వర్తించే లెక్కను మార్చకూడదు.

లెక్క అయ్యాక లింక్‌కంట్రోల్ వరుస చూడండి. ఎల్1 ఎనేబుల్ అయిందో లేదో అక్కడ ఉంటుంది. మన లెక్క అనుమతించినా అక్కడ డిజేబుల్ అని ఉంటే కంగారు పడవద్దు. బయాస్ సెట్టింగో, కెర్నెల్ ఏఎస్‌పీఎం పాలసీయో దాన్ని ఆపి ఉండవచ్చు. ముందు ఆ రెండూ చూసి, తర్వాతే లెక్క మళ్లీ తిరగేయండి. ఒక పరికరంతో చేతికి అలవాటయ్యాక, స్విచ్ లేని దారి ఒకటి, స్విచ్ ఉన్న దారి ఒకటి ఎంచుకుని పక్కపక్కన వేసి చూడండి. అప్పుడు కెర్నెల్‌లోని ఏఎస్‌పీఎం కోడు తెరిస్తే ప్రతి వరుసా ఎందుకు ఉందో మీకే తెలుస్తుంది.