వారానికో పుస్తకం, ఒక బొంత, ఒక ఇల్లు: వేళల లెక్క



"వారానికి ఒక పుస్తకం చదవండి" అని ఉపకార వేతనాల సభల్లో ప్రతి ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. పిల్లలు తల ఊపుతారు. మొదటి వారం పుస్తకం పూర్తవుతుంది. రెండో వారం సగమవుతుంది. మూడో వారం ఇంట్లో ఒకరికి జ్వరం, ఊర్లో ఒకరి పెళ్ళి. పుస్తకం అలమరలోకి పోతుంది. పిల్లల బద్ధకమే దీనికి కారణమని పెద్దలంటారు. నేను ఒప్పుకోను. ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో లెజర్లు రాసినవాడిగా నాకు తోచే కారణం వేరు. పుస్తకం అంటే గంటల ఖర్చు. ఆ గంటలు ఏ ఖాతాలోంచి తీయాలో ఎవరూ చెప్పలేదు, పిల్లలూ అడగలేదు.

కేంద్ర ప్రభుత్వం 2022 జనవరి 1న 'పఢే భారత్' పేరుతో 100 రోజుల పఠన కార్యక్రమం మొదలుపెట్టింది. బాలవాటిక నుంచి 8వ తరగతి దాకా పిల్లలకు 14 వారాల పాటు వారానికి ఒక పని చొప్పున ఇచ్చారు. అందులో నాకు నచ్చినది వారం అనే కొలత. రోజు మరీ చిన్నది, కరెంటు పోతే చాలు పోతుంది. నెల మరీ పెద్దది, ఇరవై అయిదో తేదీ దాకా గుర్తే రాదు. వారంలో ఒక రోజు చెడినా ఆరు రోజులు మిగులుతాయి. కాబట్టి ఈ వ్యాసంలో లెక్కంతా వారానికి ఆరు రోజుల చొప్పునే వేస్తున్నాను. ఏడో రోజు ఇంటిది.

మన ఇళ్ళలో సంగతి

మడివాళలోనూ చుట్టుపక్కలా తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. హోసూరు రోడ్డు వెంబడి గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పని చేసే తల్లులున్నారు, మార్కెట్లో కూరగాయలు అమ్మేవారున్నారు, మన వైపు ఊళ్ళకు రాత్రి బస్సులు నడిపేవారున్నారు. మడివాళ అంటే కన్నడంలో చాకలి అని అర్థం. 12వ శతాబ్దపు శివశరణుడు మడివాళ మాచిదేవుడిది ఆ వృత్తే. బట్టతో మన పేటకున్న బంధుత్వం పేరులోనే ఉందని నేను సరదాగా అంటుంటాను.

ఈ ఇళ్ళలో ఇప్పటికీ బొంతలు కుడతారు. 'అతుకుల బొంత' అని మనం ఎగతాళిగా వాడే మాట ఉంది గానీ, ఆ అతుకుల్లో ఉన్న నేర్పు తక్కువది కాదు. కన్నడిగులు దాన్ని కౌది అంటారు, మరాఠీవారు గోధడి అంటారు, బెంగాలీవారు కాంథా అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ మహిళలు కుట్టే కవంది అంచు దగ్గర మొదలై, చుట్టూ తిరుగుతూ వచ్చి నడిమధ్య ముగుస్తుంది. మన ఇళ్ళలో మామూలుగా పాత నూలు చీరలే బొంత. ఉతికి ఉతికి మెత్తబడ్డ అవ్వ చీర పసిబిడ్డ ఒంటికి గుచ్చుకోదు. కడుపుతో ఉన్న ఆడపిల్ల ఇంట్లో ఉంటే బొంత పని మొదలైనట్టే.

చిక్కు అక్కడే వస్తుంది. బొంత పని మొదలైందంటే ఆడపిల్ల పుస్తకం మూస్తుంది. మగపిల్లవాడు మూయడు. ఉపకార వేతనం కొనసాగాలంటే మార్కులు ఇద్దరికీ ఒకే విధంగా కావాలి కదా! అమ్మాయి పుస్తకంలోంచి తీసిన గంటను ఎవరూ ఎక్కడా రాయరు. రాయని ఖర్చు లేనట్టే కనిపిస్తుంది.

ఈ సంగతి పాతదే. బెంగాలీలో తొలి ఆత్మకథగా పేరు పొందిన 'ఆమార్ జీబన్' (1876) రాసిన రాససుందరీ దేవి పన్నెండు మంది పిల్లల తల్లి. ఆడవాళ్ళు చదివితే తప్పుగా చూసే కాలం. చైతన్య భాగవతంలోని ఒక పత్రాన్ని వంటింట్లో దాచుకుని, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుతో పోల్చి చూసుకుంటూ ఆమె చదవడం నేర్చుకుంది. మన తెలుగులో భండారు అచ్చమాంబ (1874-1905) చిన్న వయసులో పెళ్ళై వెళ్ళి, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే అతని సాయంతో చదువు నేర్చింది. 1902లో 'ధన త్రయోదశి' కథ రాసింది. స్త్రీల చరిత్రలతో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కూడా రాసింది. ఇద్దరికీ ఇంటి పని తప్పలేదు. పని పక్కనే చదువుకు కాస్త చోటు చేసుకున్నారు. అయితే ఒకటి, రాససుందరిలా దాచుకుని చదవాల్సిన అగత్యం ఈనాటి మన పిల్లలకు ఉండకూడదు.

చేతికి పని, చెవికి పుస్తకం

బొంత కుట్టేటప్పుడు చేతులకు, కళ్ళకు పని. చెవులు ఖాళీ. దీన్ని బాగా గుర్తించినవారు చుట్టల కార్మికులు. క్యూబా దేశంలో హవానా నగరపు చుట్టల ఫ్యాక్టరీలలో 1865 నుంచి ఒక చదువరిని పెట్టుకునే అలవాటు వచ్చింది. ఎత్తు పీట మీద కూర్చుని అతను వార్తాపత్రికలు, నవలలు బిగ్గరగా చదివేవాడు. కార్మికులు చుట్టలు చుడుతూ వినేవారు. అతని జీతం యజమాని ఇవ్వలేదు, కార్మికులు తమ కూలిలోంచి తలా కొంత వేసుకుని ఇచ్చారు. అలెగ్జాండర్ డ్యూమా నవల వాళ్ళకు ఎంత నచ్చిందంటే 'మాంటెక్రిస్టో' పేరుతో చుట్టలే వచ్చాయి. మన దేశంలో కేరళలోని కన్నూరు బీడీ కార్మికులకూ ఇదే అలవాటు ఉండేది. 1969లో ఏర్పడిన దినేశ్ బీడీ సహకార సంఘంలోనూ పని జరుగుతుండగా పత్రికలు చదివి వినిపించేవారు.

దీన్ని ఇంటికి తెచ్చుకుంటే సరిపోతుంది. ఒకరు చదవాలి, మిగతావారు కుట్టాలి. చదివే పిల్ల ఆ అరగంట సూది పట్టనక్కరలేదు, అదీ పనిలోకే వస్తుంది. హవానా కార్మికులు కూలి ఇచ్చింది అందుకే. తల్లిదండ్రులు ఈ మాట ఒప్పుకుంటేనే తరువాతి లెక్క నిలబడుతుంది.

ఇక లెక్క

మామూలు చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే దాదాపు 18 అడుగులు. వెడల్పు సుమారు 45 అంగుళాలు. దాన్ని మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవున మూడు పొరలు వస్తాయి. రెండు చీరలైతే ఆరు పొరలు, ఒక పెద్ద బొంతకు చాలు. అంచులు సరిచేసి, జరిగిపోకుండా కచ్చా కుట్టు వేయాలి. ఆ తరువాత అంగుళానికి ఒక వరుస చొప్పున 45 వరుసలు. ఒక్కో వరుస 6 అడుగులు, మొత్తం 270 అడుగుల కుట్టు. మా ఇంట్లో గడియారం పెట్టి చూస్తే చేయి తిరిగిన మనిషికి ఒక వరుసకు 20 నిమిషాలు పట్టింది. 45 వరుసలకు 900 నిమిషాలు, అంటే 15 గంటలు. రోజుకు అరగంట, వారానికి ఆరు రోజులు, మొత్తం 3 గంటలు. 15ను 3తో భాగిస్తే 5 వారాలు.

ఇప్పుడు పుస్తకం వైపు చూడండి. మామూలు సైజు తెలుగు పుస్తకంలో ఒక పేజీ బిగ్గరగా, తొందర లేకుండా చదవడానికి సుమారు 3 నిమిషాలు. అరగంటకు 10 పేజీలు, వారానికి 60 పేజీలు, 5 వారాలకు 300 పేజీలు. అంటే ఒక బొంత పూర్తయ్యేసరికి 300 పేజీల పుస్తకం ఇంటిల్లిపాదీ విన్నట్టే. దీనికి అదనంగా ఒక్క నిమిషం కూడా ఖర్చు కాలేదు.

మరి విద్యార్థి సొంత చదువు? మనసులో చదువుకుంటే పేజీకి 2 నిమిషాలు చాలు. రోజుకు మరో అరగంట పెట్టుకుంటే 15 పేజీలు, వారానికి 90. ఇంటి పుస్తకంతో కలిపితే వారానికి 150 పేజీలు. పాఠ్యపుస్తకాలు కాకుండా ఇంత చదివే పిల్లలు ఎందరుంటారో మీరే చూసుకోండి. ఈ రెండు అరగంటలకూ వేరువేరు పుస్తకాలుండాలి. ఒకే పుస్తకమైతే పిల్ల ముందుకు వెళ్ళిపోతుంది, అమ్మకు కథ తెగిపోతుంది.

90 పేజీల్లో పుస్తకం ముగియకపోవచ్చు. అప్పుడేం చేయాలి? బ్యాంకులో కంప్యూటర్లు రాకముందు సాయంత్రం రోజు లెక్క కలిస్తేనే ఇంటికి పోయేవాళ్ళం. పది పైసల తేడాకు కూడా రాత్రి ఎనిమిది దాకా వెతికిన రోజులున్నాయి. కానీ అంత పట్టుదల ఉన్న చోట కూడా ముగింపు నిల్వను మరునాటి ప్రారంభ నిల్వగా తీసుకుపోయేవాళ్ళమే తప్ప, దాన్ని ఎవరూ అప్పు అనలేదు. చదవని పేజీలూ అంతే. సోమవారం నోటుబుక్కులో 'ప్రారంభ నిల్వ: 40 పేజీలు' అని రాసి ముందుకు పోవాలి. బకాయి అనుకుంటే పిల్లలు రెండు పనుల్లో ఒకటి చేస్తారు. పుస్తకం మానేస్తారు, లేదా చదవకుండానే చదివామని రాస్తారు. రెండోది మరీ చెడ్డది. అందుకే పుస్తకాల సంఖ్యకు బహుమతులివ్వడం నాకు నచ్చదు. నిమిషాలు రాయించండి, పుస్తకాలు వాటంతట అవే లెక్కకు వస్తాయి.

మా వీధిలో ఒక ఇల్లు

తల్లి గార్మెంట్ ఫ్యాక్టరీలో పని చేస్తుంది. పగలంతా మిషను మీద కుట్టి వచ్చినా బొంతకు మళ్ళీ సూది పడుతుంది. అదేమమ్మా అంటే, "అది వాళ్ళ కుట్టు సార్, ఇది మాది" అంది. తండ్రి రాత్రి బస్సు డ్రైవరు. అమ్మాయి రెండో పియుసి కామర్స్, ఉపకార వేతనం మీద చదువుతోంది. తమ్ముడు 8వ తరగతి. అవ్వకు చత్వారం, సూదిలో దారం ఎక్కించలేదు గానీ కుట్టు వంకర పోతే వేలితో తడిమి చెప్పేస్తుంది. పెద్దమ్మ కూతురికి నెలలు నిండుతున్నాయి. బొంతతో పాటు పొత్తిళ్ళకు చిన్నవి రెండు కావాలన్నారు. ఆ నెల రోజులు అమ్మాయి పుస్తకం పక్కన పెట్టాలని ఇంట్లో తీర్మానం. అమ్మాయి ఏమీ అనలేదు గానీ నాతో, "సార్, ఈసారి మార్కులు తగ్గితే ఫీజు నాయన కట్టలేడు" అంది.

వాళ్ళ ఇంట్లో కూర్చుని పై లెక్క కాగితం మీద వేసి చూపించాను. వంట, గిన్నెలు అయ్యాక రాత్రి 8.45 నుంచి 9.15 వరకు ఇంటి అరగంట. వారంలో మూడు రోజులు అమ్మాయి చదవాలి, తమ్ముడు వరుస కుట్టాలి. మిగతా మూడు రోజులు తమ్ముడు చదవాలి, అమ్మాయి కుట్టాలి. "మగపిల్లోడు సూది పట్టేదేమి" అని అవ్వ మొదట గొణిగింది. దర్జీలంతా మగవాళ్ళే కదవ్వా అని మనవరాలు అంటే ఊరుకుంది. నాలుగో రోజుకు తమ్ముడి వరుసలను అందరికంటే ముందు తడిమి చూసింది అవ్వే. కథ ఆసక్తిగా ఉన్నచోట టైమైందని పుస్తకం మూస్తే, "ఆడికి నిలిపితే నాకు నిద్దర పడుతుందా?" అని పోట్లాడేదట. 9.15 నుంచి అమ్మాయి తన పాఠాలకు వెళ్ళిపోయేది, ఆ తరువాత ఎవరూ ఆమెను పిలవకూడదన్నది ఒప్పందం. ఈ ఒప్పందం అన్నిటికంటే ముఖ్యం. సొంత అరగంట మాత్రం ఆమె కాలేజీ బస్సులో పెట్టుకుంది. మన సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ వల్ల ఒక మేలు జరిగిందంటే ఇదొక్కటే.

పెద్ద బొంత అయిదు వారాలకు కాలేదు, ఏడు వారాలు పట్టింది. మధ్యలో ఒక వారం తండ్రికి జ్వరం, ఒక వారం ఫ్యాక్టరీలో ఓవర్‌టైము. కాగితం మీది లెక్కకు, ఇంటికి ఆ మాత్రం తేడా ఉంటుంది.

పుస్తకాలు, లిపి, పరీక్షలు

ఇంటి పుస్తకంగా చిన్న అధ్యాయాలున్నవి ఎంచుకోండి. పది పేజీలకు ఆగడానికి ఒక చోటు దొరకాలి. కబ్బన్ పార్కులో ఎర్రగా కనిపించే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం చాలామంది దారిన పోతూ చూసిందే, లోపలికి ఒకసారి పిల్లలతో వెళ్ళండి. పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫోనులో చదివేటప్పుడు మాత్రం నెట్ ఆపి చదవండి. ఎందుకో పిల్లలకు నేను చెప్పనక్కరలేదు.

బెంగళూరులో పెరిగిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. బడిలో కన్నడం నేర్చినవారికి ఇది పెద్ద అడ్డంకి కాదు. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి వచ్చినవి, చాలా అక్షరాలు ఒకేలా ఉంటాయి. తలకట్టు, క, త, శ వంటి కొన్ని తేడాలు విడిగా రాసుకుని చూసుకుంటే కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. అంతవరకు వాళ్ళు కన్నడ పుస్తకమే చదివి వినిపించినా పర్వాలేదు. బొంతకు భాష తేడా లేదు.

పరీక్షలకు ముందు ఆరు వారాలు విద్యార్థికి ఈ పట్టికలో ఏ వంతూ వద్దు, చదివే వంతు కూడా వద్దు. ఆ రోజుల్లో చదివే పని తండ్రి తీసుకోవాలి. చదవడం రానివారుంటే అవ్వ కథ చెప్పవచ్చు, పట్టికలో దానికీ 30 నిమిషాలు అని రాయండి. సగంలో ఉన్న బొంతను మడిచి బీరువా పైన పెట్టండి, సూది మాత్రం అందులో వదలకండి.