పెరటి తోటలో విషసర్పాల నివారణ: పెంపుడు జంతువుల రక్షణకు ఆవాస యాజమాన్యం

"పెరటిలో పాము కనిపించింది, ఏ మందు చల్లమంటారు?" తొలకరి మొదలైనప్పటి నుండి విస్తరణ శాస్త్రవేత్తలకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. పామును దూరంగా ఉంచుతుందని నమ్మకంగా సిఫారసు చేయదగిన మందు ఏదీ లేదు. చల్లిన మందు వల్ల ముందుగా నష్టపోయేవి ఆ పెరటిలోనే తిరిగే కుక్క, పిల్లి, కోళ్లు. చీడపీడల విషయంలో మనం బోధించే సమగ్ర యాజమాన్య సూత్రమే ఇక్కడ కూడా వర్తిస్తుంది. పాము పెరటికి రావడానికి కారణమైన ఆహారాన్ని, తావును తొలగించడమే అసలైన నివారణ.

పెరటికి వచ్చే విషసర్పాలు

తెలుగు రాష్ట్రాలలో ప్రాణాపాయం కలిగించే కాట్లలో అధికభాగం నాలుగు జాతులవి: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీటి అధ్యయనానికి మన ప్రాంతంతో పాత సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములపై 1796లో గ్రంథం ప్రచురించాడు. రక్తపింజరకు స్థానికులు చెప్పిన "కాటుక రేకుల పొడ" అనే పేరును అందులో నమోదు చేశాడు. కట్లపాముల ప్రజాతికి శాస్త్రీయ నామమైన "బంగారస్" కూడా తెలుగు మాట నుండి వచ్చినదే. విష తీవ్రతను తెలుసుకోవడానికి రస్సెల్ ప్రయోగాలు చేసినది కుక్కలపైన, కోళ్లపైన.

నాగుపాము, రక్తపింజర ప్రధానంగా ఎలుకల కోసం వస్తాయి. కట్లపాము రాత్రిపూట సంచరిస్తూ చిన్న పాములను, బల్లులను, ఎలుకలను తింటుంది. చిన్నపింజర రాళ్లు, ఇసుక ఉన్న మెట్ట ప్రాంతాలలో ఎక్కువ. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. ఒకే ఈతలో ఇరవైకి మించి పిల్లలు పుట్టడం సాధారణమే. కాబట్టి పెరటిలో ఒక చిన్న పింజర పిల్ల కనిపిస్తే, అది ఒక్కటే ఉందని భావించరాదు.

జంతువులకు కాటు ఎలా పడుతుంది

కుక్క వాసన చూస్తూ ముందుకు వెళుతుంది. అందువల్ల కాటు ఎక్కువగా మూతిపైన, ముందుకాళ్లపైన పడుతుంది. ఎండుటాకులలో చుట్టుకొని పడుకున్న రక్తపింజర అలికిడి అయినా వెంటనే కదిలిపోదు. మేత మేసే పశువులకు కూడా మూతిపైన, కాళ్లపైన కాటు పడటానికి ఇదే కారణం. పిల్లి వేటాడిన పామును ప్రాణం ఉండగానే ఇంటిలోకి తెచ్చే అవకాశం ఉంది కనుక, జంతువుకు ఉన్న ప్రమాదం ఇంటివారికి కూడా ఉన్నట్లే.

నాగుపాము, కట్లపాము విషం నాడీమండలంపై పనిచేస్తుంది. కాళ్లు తడబడటం, రెప్పలు వాలిపోవడం, చొంగ కారడం, శ్వాస కష్టం కావడం దీని లక్షణాలు. నాగుపాము కాటు వేసిన చోట వాపు కూడా వస్తుంది. కట్లపాము కాటు దగ్గర వాపు, నొప్పి దాదాపు ఉండవు కనుక యజమాని గుర్తించేసరికి ఆలస్యమవుతుంది. పింజరల విషం రక్తం గడ్డకట్టే ప్రక్రియను దెబ్బతీస్తుంది. వాపు వేగంగా పెరగడం, చిగుళ్ల నుండి, మూత్రంలో రక్తం రావడం గమనించవచ్చు.

మేలు కన్నా కీడు చేసే పద్ధతులు

కిరోసిన్, ఫినాయిల్, కార్బాలిక్ ఆమ్లం, గంధకం, నాఫ్తలీన్ ఉండలు, వెల్లుల్లి రసం వంటివి పాములను నిలువరిస్తాయనే నమ్మకం విస్తృతంగా ఉంది. వీటిపై ఆధారపడరాదు. కార్బాలిక్ ఆమ్లం ముఖ్యంగా పిల్లులకు విషం. నాఫ్తలీన్ ఉండలను మింగిన కుక్కలు తీవ్ర అస్వస్థతకు లోనవుతాయి. సర్పగంధ నాటితే పాములు రావన్నది కూడా నమ్మకమే. ఆ మొక్క విలువ దాని వేరు నుండి లభించే రిసర్పిన్ అనే రక్తపోటు ఔషధంలో ఉంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది గుళికల మందు. ఇక్కడ నా సొంత పొరపాటును చెప్పడం అవసరం. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, పశువుల పాక వద్ద నాగుపాము తిరుగుతున్నదని చెప్పిన ఒక రైతుకు, పాక చుట్టూ ఫోరేట్ గుళికలు చల్లమని సలహా ఇచ్చాను. అప్పట్లో చాలామంది చెప్పే మాటే అది. వారం తిరగకముందే ఆయన వచ్చి, రెండు కోళ్లు, కాపలా కుక్క చనిపోయాయని, పాము మాత్రం మళ్లీ కనిపించిందని చెప్పారు. ఆయన నన్ను నిందించలేదు. "మీరు చెప్పారని చల్లాం సార్" అని మాత్రమే అన్నారు. పరీక్షించని మాటను సిఫారసుగా చెప్పరాదని నాకు ఆనాడు తెలిసివచ్చింది.

ఫోరేట్ వాడకం మన దేశంలో 2020 డిసెంబరు 31 తరువాత పూర్తిగా నిషిద్ధం. అయినా పాత నిల్వలు గాని, ఇతర గుళికల మందులు గాని ఇదే పనికి వాడే అలవాటు పోలేదు. విద్యార్థులు మరొక అంశాన్ని గుర్తుంచుకోవాలి. ఆర్గానోఫాస్ఫేట్ విషప్రభావంలో కూడా చొంగ కారడం, కండరాల బలహీనత, శ్వాస కష్టం కనిపిస్తాయి. అందువల్ల మందు తిన్న కుక్కను పాము కరిచినదిగా పొరబడే అవకాశం ఉంది. రెండింటికీ చికిత్సలు వేరు. పెరటిలో ఏ మందు చల్లారో పశువైద్యునికి తప్పక చెప్పాలి.

ఆవాస యాజమాన్యం

1. ఎలుకల నివారణ: దాణాను, గింజలను మూత బిగువుగా ఉండే డబ్బాలలో ఉంచాలి. కుక్క తినగా మిగిలిన అన్నాన్ని రాత్రి పెరటిలో వదలరాదు. కోళ్ల గూటి కింద రాలిన గింజలను సాయంత్రమే ఊడ్చివేయాలి. పెంపుడు జంతువులున్న చోట జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడియోలోన్ ఎరలకు బదులు బోనులు వాడాలి. విషం తిన్న ఎలుకను తిన్న కుక్కకు, పిల్లికి కూడా ప్రమాదమే. ఎలుక, పందికొక్కు బొరియలను మట్టితో పూడ్చి, మరునాడు తిరిగి తెరుచుకున్న వాటి వద్దే బోనులు పెట్టాలి.

2. తావుల తొలగింపు: కట్టెలు, పిడకలు, ఇటుకలు, కొబ్బరి మట్టలు నేలపై పోగు వేయకుండా, నేల నుండి కనీసం 30 సెం.మీ. ఎత్తున దిమ్మెపై, గోడకు దూరంగా పేర్చాలి. తేమను కాపాడటానికి ఎండుగడ్డి ఆచ్ఛాదనను మనమే సిఫారసు చేస్తాం. దానిని ఇంటి గోడకు, కుక్క గూటికి ఆనించి వేయరాదు. అక్కడ ఒక మీటరు వెడల్పున నేలను శుభ్రంగా ఉంచాలి. గడ్డిని పొట్టిగా కోయాలి. పొదల అడుగు కొమ్మలను కత్తిరించి, నేల కనిపించేలా చేయాలి.

3. నీటి నిర్వహణ: కారే కుళాయిల వద్ద, నిలిచిన నీటి వద్ద కప్పలు చేరతాయి. వాటి వెంట పాములు వస్తాయి. లీకులను సరిచేసి, మురుగు గొట్టాల చివర జాలీ బిగించాలి.

4. అడ్డంకులు: తలుపుల కింద, గోడలలో 6 మి.మీ.కు మించిన సందులను మూసివేయాలి. పెరడంతటికీ కంచె వేయడం ఖర్చుతో కూడిన పని. కుక్క రాత్రి పడుకునే ఆవరణకైనా 6 మి.మీ. కన్నుల లోహపు జాలీని 90 సెం.మీ. ఎత్తున, అడుగు 15 సెం.మీ. నేలలో పూడ్చి, పైభాగం వెలుపలికి వాలేలా అమర్చవచ్చు. జాలీకి తగిలే మొక్కలు ఉంటే పాము వాటి మీదుగా ఎక్కుతుంది. పక్షుల నుండి రక్షణకు కట్టే నైలాన్ వలను నేలపై వదలరాదు. అందులో చిక్కిన పాము వద్దకు కుక్క వెళ్లడం ప్రమాదకరం.

5. జెర్రిపోతును కాపాడటం: ఇది విషం లేని పాము, ఎలుకలను తింటుంది. దీనిని నాగుపాముగా భావించి చంపుతున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములకు రక్షణ కల్పిస్తున్నది. పాము కనిపిస్తే జంతువులను లోపల కట్టివేసి, అటవీ శాఖకు లేదా శిక్షణ పొందిన పాములు పట్టేవారికి తెలపాలి.

కాటు పడినప్పుడు

కోయడం, గట్టిగా కట్టు కట్టడం, పసరు మందు పోయడం చేయరాదు. జంతువును నడిపించకుండా మోసుకొని వాహనంలో పశువైద్యశాలకు చేర్చాలి. మూతి వాచే ప్రమాదం ఉంటే మెడ పట్టీని తీసివేయాలి. పామును వెదకుతూ కాలం వృథా చేయరాదు. దూరం నుండి ఫొటో తీయగలిగితే చాలు. మన దేశంలో లభించే విరుగుడు మందు పై నాలుగు జాతుల విషానికీ పనిచేస్తుంది. జంతువు చిన్నదని మోతాదు తగ్గించరాదు. ఎందుకంటే తటస్థపరచవలసినది శరీరంలో చేరిన విషాన్ని. ఎన్ని సీసాలు ఇవ్వాలో పశువైద్యుడు నిర్ణయిస్తారు. సమీపంలో ఏ ఆసుపత్రిలో ఈ మందు ఉంటుందో ముందుగానే తెలుసుకోవాలి. సంచార పశువైద్య సేవలకు 1962 నంబరును సంప్రదించవచ్చు.

ముగింపు

రైతు మందు పేరు అడిగినప్పుడు మందు పేరే చెప్పడం మనకు సులువు. పాము విషయంలో ఆ సులువైన సమాధానం ఇంటి కుక్క ప్రాణం తీయవచ్చు. కనుక విస్తరణ శాస్త్రవేత్తలు పెరటిని ఒకసారి స్వయంగా చూసి, ఎలుక ఎక్కడ తింటున్నదో, పాము ఎక్కడ దాగగలదో యజమానికి చూపించాలి. తొలకరికి ముందే, మే నెలలో ఈ పని పూర్తి చేయించగలిగితే, వర్షాకాలంలో ఏ మందు చల్లాలనే ప్రశ్న చాలావరకు రాదు.