పెచ్చులూడిన రంగు: పడవ యద్దపు చట్రమును గూర్చిన పాఠము



మన హైదరాబాదు నగరమునకు పడమటి భాగమున, మాదాపురము గచ్చిబౌలి ప్రాంతములందు నేడు గాజుగోడల మేడలు బారులు తీరియున్నవి. వానిలో మొదటిదగు సైబర్ టవర్స్ భవనమునకు 1998 నవంబరు 22వ తేదీన ప్రారంభోత్సవము జరిగెను. ఈ మేడలకు చేరువనే, కొండబండల సందున, వానికంటె నెంతయో పురాతనమైన జలాశయ మొకటి కలదు. అదియే దుర్గము చెరువు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు ఈ చెరువునుండి త్రాగునీరు పోవుచుండెడిది. 2020 సెప్టెంబరు 25వ తేదీన దీనిపై తీగల వంతెన తెఱవబడెను. ఈ చెరువునందును, కుతుబ్‌షాహీల కాలమునాటిదే యగు హుస్సేన్ సాగరమునందును విహారమునకు వచ్చినవారిని త్రిప్పు మరపడవలను మీరు చూచియే యుందురు.

పడవనెక్కినవారు వంతెనను చూతురు. బుద్ధ విగ్రహమును చూతురు. పడవ నడపువాని ముందున్న యద్దమును, ఆ యద్దమును పట్టియుంచు చట్రమును చూచు వారరుదు. నేటి పాఠము ఆ చట్రమును గూర్చియే. దానిమీది రంగు ఏల పెచ్చులూడును? ఊడినదానిని మరల నెట్లు నిలుకడగా పూయవలెను? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము తెలిసికొందము.

ఇది అందమునకు మాత్రమే సంబంధించిన విషయమని తలంపరాదు. గాలిని, నీటితుంపరలను అడ్డుకొనుచు నడపువానికి దారి చూపునది ఆ యద్దము. రంగు లేచినచోట నీరు చట్రములోనికి దిగును, మరమేకుల రంధ్రములు తినివేయబడును, మేకులు వదులగును, అద్దము కదలును. కదలిన యద్దము ఒకనాడు బీటవారును. ఇరువదిమందిని ఎక్కించుకొన్న పడవలో నడపువాని చూపు చెదరుట చిన్న సంగతి కాదు.

నా పొరపాటొకటి

కొన్ని సంవత్సరముల క్రిందట, పడవ నడిపి జీవించు నొక పరిచితుడు తన చట్రమును నాకు చూపి, "మాస్టరుగారూ, దీనికేదైనా ఉపాయము చెప్పుడు" అని యడిగెను. సైన్సు బోధించువాడనను గర్వము నాకుండెను. ఊడుచున్న పెచ్చులను చాకుతో గీకి, గుడ్డతో తుడిచి, బజారునుండి తెచ్చిన మామూలు ఎనామెలు రంగును ఒక మధ్యాహ్నముననే రెండు పూతలు పూసితిని. అది అద్దమువలె మెఱసెను. చూచినవారు మెచ్చుకొనిరి.

ఆ మెఱుపు ఒక వానకాలమునకే ముగిసెను. మొదట మేకుల చుట్టును పొక్కులు లేచెను. పిదప ఉల్లిపొరవలె రంగంతయు ఊడివచ్చెను. దసరా సెలవులలో, సంపాదనకు అనువైన దినములలోనే, మూడు దినములు ఆ పడవను గట్టున నిలుపవలసి వచ్చెను. అతడు నన్నొక్క మాటయు ననలేదు. అందువలన నా సిగ్గు ఇనుమడించెను. దానిని బాగుచేయ వచ్చిన వృద్ధుడగు రంగులపనివాడు, నేను రంగు డబ్బాను నిందించుచుండగా విని, నవ్వి, "రంగును తిట్టకుండ్రి సారూ, దాని కిందేమున్నదో సూడుండ్రి" అనెను. నేను పుస్తకములలో చదివినదంతయు ఆ యొక్క మాటలో నుండెను.

రంగు క్రింద నేమున్నది?

ఇట్టి చట్రములు సాధారణముగా అల్యూమినియముతో చేయబడును. ఈ లోహము నీటికంటె రమారమి 2.7 రెట్లు మాత్రమే బరువైనది, ఇనుము 7.9 రెట్లు బరువైనది. కావుననే పడవలకు అల్యూమినియము అనుకూలము. 1886లో అమెరికాయందు హాల్ అను నతడును, ఫ్రాన్సునందు ఎరూ అను నతడును, ఒకరి సంగతి ఒకరెఱుగకయే, విద్యుచ్ఛక్తిచే దీనిని చవుకగా తీయు విధమును కనుగొనిరి. అంతకు పూర్వమిది మిక్కిలి విలువగల లోహముగా నుండెను.

అల్యూమినియమును గీకినంతనే గాలిలోని ప్రాణవాయువు దానితో కలిసి, కంటికి కనబడని పలుచని పొర నేర్పఱచును. ఈ పొర లోహమునకు కవచము. కాని నున్నని లోహముపై, తగిన తొలిపూత లేక నేరుగా పూసిన మామూలు రంగునకు ఇచ్చట గట్టి పట్టు దొరకదు. రంగు లోహమునంటుకొన్నట్లు కనబడునే గాని, పట్టుకొనియుండదు. ఇది మొదటి కారణము.

రెండవది మరమేకు. చట్రము అల్యూమినియము, మేకు స్టెయిన్‌లెస్ ఉక్కు. రెండు వేఱు లోహములు తగులుచుండగా, వాని నడుమ ఉప్పు కలిసిన నీరు నిలిచిన యెడల, అచ్చట చిన్న విద్యుద్ఘటమొకటి యేర్పడును. మీరు ప్రయోగశాలలో జింకు రాగి రేకులతో చేసినది ఇట్టిదే. ఇందు నష్టపోవునది అల్యూమినియము. సముద్రపునీటిలో నీ క్రియ తీవ్రము; నగరపు మురుగు చేరిన చెరువునీటిలోను లవణములుండుటచే ఇచ్చటను అది జరుగును. ఫలితముగా పుట్టు తెల్లనిపొడి, తినబడిన లోహముకంటె హెచ్చు చోటాక్రమించి రంగును క్రిందినుండి పైకెత్తును. పొక్కు మేకుచుట్టునే మొదట లేచుటకు కారణమిదియే.

మూడవది ఎండ. మీటరు పొడవుగల అల్యూమినియపు బద్దె 40 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కినచో సుమారు 0.9 మిల్లీమీటరు సాగును. అంతే పొడవుగల గాజు 0.4 మిల్లీమీటరునకు లోపలనే సాగును. అక్రిలిక్ పలక 2.8 మిల్లీమీటర్ల వఱకు సాగును. ప్రతిదినమును ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగి ముడుచుకొనుచుండుటచే, ఎండకు పెళుసెక్కిన రంగు అంచులయందు చిట్లును. ఆ చీలికలే నీటికి ద్వారములు.

నాలుగవది పదునైన అంచు. ద్రవరూపమున నున్నపుడు రంగు అంచునుండి వెనుకకు జారి అచ్చట పలుచబడును. కావున అంచునందే రంగు ముందుగా ఓడిపోవును.

పరీక్షించు విధము

పాత రంగంతయు తీయవలెనా, కొంత తీసిన చాలునా? దీనికొక సులభమైన పరీక్ష కలదు. గట్టిగా నున్నట్లు కనబడుచోట పదునైన చాకుతో నిలువుగా ఆఱు గీతలును, అడ్డముగా ఆఱు గీతలును లోహమునంటునట్లు గీయవలెను. ఇరువదియైదు చిన్న గడులేర్పడును. వానిపై జిగురుపట్టీ నంటించి, గట్టిగా ఒత్తి, చుఱుకుగా లాగవలెను. ఒక్క గడియు రానిచో ఆ రంగు నిలుచును; దానిని గరుకు చేసి దానిపైననే పూయవచ్చును. అనేకము ఊడివచ్చినచో అంతయు తీయవలసినదే. కుళ్లిన పునాదిపై క్రొత్త మేడ కట్టరాదు గదా!

పనిచేయు క్రమము

మొదట మేకులను విప్పి, ఏ మేకు ఏ రంధ్రమునదో గుర్తు పెట్టుకొనవలెను. అద్దమును, రబ్బరు బద్దెను తీసి చట్రమును గట్టుమీదికి తేవలెను. పడవమీదనే గీకినచో పొడి చెరువులో పడును. అద్దము గాజుగాక అక్రిలిక్ అయినచో, రంగు తీయు మందులుగాని థిన్నరుగాని దానికి తగులనీయరాదు; అది సన్నని బీటలు వాఱి చూపునకు పనికిరాకుండ పోవును.

పిమ్మట పాత రంగును తీయవలెను. 80 నంబరు గరుకుకాగితముతో మొదలుపెట్టి, 120, ఆపై 220 నంబరునకు పోవలెను. తెల్లపొడి పట్టిన గుంటలను ప్రకాశించు లోహము కనబడువఱకు శుభ్రపఱుపవలెను. ఇనుపతీగెల కుంచెను, ఇనుపపీచును వాడరాదు. వాని తునుకలు మెత్తని అల్యూమినియములో గ్రుచ్చుకొని క్రొత్త తుప్పునకు విత్తనములగును. పదునైన అంచులను ఇప్పుడే కొంచెము గుండ్రముగా నరుగదీయవలెను.

తరువాత సబ్బునీటితో కడిగి, మంచినీటితో తొలిచి, నీటిపరీక్ష చేయవలెను. చట్రముపై శుభ్రమైన నీరు పోయుడు. నీరు ఎడతెగని పలుచని పొరగా పరచుకొన్నచో లోహము శుభ్రమైనది. తామరాకుమీదివలె బిందువులుగా విడిపోయినచో ఇంకను జిడ్డున్నదని యర్థము, మరల కడుగవలెను. జిడ్డును థిన్నరుతో తీయునపుడు తడిగుడ్డ ఒకటి, వెంటనే తుడుచుటకు పొడిగుడ్డ యొకటి యుండవలెను. ఒకే మాసిన గుడ్డతో తుడిచినచో జిడ్డును తీసినట్లు గాదు, అంతటను పూసినట్లగును.

లోహము పూర్తిగా ఆఱిన పిమ్మట, ఆ దినముననే, అల్యూమినియమునకు తగినదని డబ్బాపై వ్రాసియున్న ఎపాక్సి ప్రైమరును పూయవలెను. ఇనుమునకు వాడెడి సీసపు ఎఱ్ఱప్రైమరును దీనికి వాడరాదు. సీసము అల్యూమినియమునకు హానికరము. తెఱచిన మేకు రంధ్రముల లోపలిభాగమును, అంచులను కుంచెతో ముందుగా ఒకసారి పూసి, తరువాత అంతటను పూయుట మంచిది. మిగిలిన గుంటలను ఎపాక్సి పుట్టీతో నింపి, ఆఱిన పిదప 320 నంబరు కాగితముతో నునుపు చేసి, పుట్టీ పెట్టినచోట మరల ప్రైమరు పూయవలెను.

ఎపాక్సి పట్టునకు గట్టిదే గాని, ఎండకు సుద్దవలె పొడియగును. కావున దానిపై ఎండకు తాళు పాలియురిథేన్ రంగును రెండు పలుచని పూతలుగా పూయవలెను. ఒక దళసరి పూతకంటె రెండు పలుచని పూతలు మేలు. పూతకు పూతకు నడుమ నెంత కాలముండవలెనో డబ్బాపై వ్రాసియుండును, దానిని పాటింపవలెను. తొందరపడిన క్రిందిపూతలోని ద్రావకము చిక్కుకొనును; మితిమీరి ఆలసించిన మీదిపూత పట్టదు.

పనికి తగిన సమయము నెన్నుకొనుట కూడ విద్యయే. వానకాలమున గాలిలో తేమ హెచ్చు. చల్లని నీరు పోసిన కంచుచెంబునకు వెలుపల చెమ్మపట్టినట్లు, చల్లని లోహముపై కంటికి తెలియని తడి పేరుకొనును. మే నెల మధ్యాహ్నమున లోహము కాలుచుండుటచే రంగు పరచుకొనకమునుపే ఆఱిపోవును. మన ప్రాంతమున వానలు వెడలిన పిమ్మట నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు, మంచుతడి పూర్తిగా ఆఱిన ఉదయపు వేళ, ఈ పనికి శ్రేష్ఠము.

చివరకు అద్దమును బిగించునపుడు, ప్రతి మేకునకును లోహములు నేరుగా తగులకుండ కాపాడు లేపనము పూసి బిగింపవలెను. చట్రమునకు అడుగున నీరు జాఱుటకు చిన్న రంధ్రములుండును. వానిని రంగుతోగాని జిగురుతోగాని పూడ్చరాదు. నీటికి దారి యియ్యని చట్రము తనలోనే నీటిని నిలువయుంచుకొనును.

జాగ్రత్తలు

తలిదండ్రులకు నొక మనవి. రెండు డబ్బాలు కలిపి వాడు పాలియురిథేన్ రంగులలో ఐసోసయనేట్ అను ద్రవ్యముండును. దానిని పిచికారీ చేసినచో ఆ తుంపరలు ఊపిరితిత్తులకు మిక్కిలి కీడు చేయును, ఉబ్బసము పుట్టించును. పిచికారీ పని శిక్షణగల పనివారు తగిన ముసుగుతో చేయవలసినదే గాని పిల్లలది కాదు. పాత రంగులో సీసముండవచ్చును. మన దేశమున ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదని 2016లో నియమము చేయబడి, 2017 నవంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. అది యిండ్ల రంగులకు, అలంకారపు రంగులకు సంబంధించినది. అంతకు పూర్వపు పూతలను, పడవలవంటి వానికి వాడిన రంగులను అనుమానముతోనే చూడవలెను. అందుచే పొడిగా గీకక, తడిపి రుద్దవలెను. రాలినదానిని కాగితముపై పట్టి మూటగట్టి, ప్రమాదకరమైన చెత్తగా వేఱుగా అప్పగింపవలెను. పెద్దల సమక్షమున బాలురును బాలికలును చేయదగిన పనులు నీటిపరీక్ష, మేకులకు గుర్తులు పెట్టుట, గడులను లెక్కించుట. ఇవియే పనిలో ముఖ్యభాగములని మీరీపాటికి గ్రహించియుందురు.

ముగింపు

ఆ వృద్ధుడు చట్రమును బాగుచేయుటకు మూడు దినములు పట్టెను. అందు రెండు దినములకు పైగా గీకుటకును, కడుగుటకును, ఆఱబెట్టుటకును పోయెను. మెఱయు మీదిపూతకు పట్టినది కొలది గంటలు మాత్రమే. తరువాత ననేక వానకాలములు గడచెను. ఆ రంగు చెక్కు చెదరలేదు. చూచువారు మీదిపూతనే చూతురు. దానిని నిలిపియుంచునది, ఎవరును చూడని ఆ రెండు దినముల పనియే.

పరీక్షకు ముందు రాత్రి కంఠస్థము చేసిన పాఠమునకును, నేను ఒక మధ్యాహ్నమున పూసిన ఎనామెలునకును భేదము లేదు. ఈ మాఱు మీరు చెరువున పడవనెక్కినపుడు నడపువాని ముందున్న చట్రము నొకసారి చూడుడు. మేకుచుట్టు చిన్న పొక్కు కనబడినచో, మర్యాదగా నతనికి చెప్పుడు. పొక్కుగా నున్నపుడు తెలిసిన, అది ఒక దినపు పనితో పోవును. తెలియనిచో అద్దమువఱకు పోవును.