బీపీ మందు జుట్టు మందు ఎలా అయింది?



పదో తరగతి జీవశాస్త్రంలో మన పిల్లలు ‘ప్రసరణ’ పాఠం చదువుతారు. చాలా ఇళ్లలో అద్దం పక్కన కనిపించే మినాక్సిడిల్ సీసాకు ఆ పాఠంతో దగ్గరి సంబంధం ఉంది.

రక్తనాళాల గోడల్లో సన్నని కండరం ఉంటుంది. అది బిగుసుకుంటే నాళం ఇరుకై బీపీ పెరుగుతుంది. మినాక్సిడిల్ ఆ కండరాన్ని వదులు చేస్తుంది. నాళం వెడల్పై బీపీ తగ్గుతుంది. ఇలాంటి మందులను వాసోడైలేటర్లు అంటారు. అమెరికాలోని అప్‌జాన్ కంపెనీ తెచ్చిన ఈ మాత్రకు, ఇతర మందులకు లొంగని బీపీ కోసం 1979లో అక్కడ అనుమతి లభించింది.

మాత్ర వాడినవారిలో చాలామందికి ముఖం మీద, చేతుల మీద వెంట్రుకలు పెరిగాయి. ఆ దుష్ప్రభావాన్నే పరిశోధకులు మందుగా మలిచారు. తలకు రాసే 2 శాతం ద్రావణానికి 1988లో అనుమతి వచ్చింది. మన హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ కూడా ‘మింటాప్’ పేరుతో దీన్ని అమ్ముతోంది.

అయితే రక్తం బాగా అందినంత మాత్రాన జుట్టు పెరగదు. కుదుళ్లలోని ఒక ఎంజైమ్ ఈ మందును మినాక్సిడిల్ సల్ఫేట్‌గా మార్చాలి. ఆ ఎంజైమ్ అందరిలో ఒకే స్థాయిలో ఉండదు. అందుకే ఒకరికి పనిచేసింది మరొకరికి పనిచేయకపోవచ్చు.

ఇక పిల్లల సంగతి. హాస్టల్లో ఉన్న అమ్మాయికి జుట్టు రాలితే ‘నీళ్లు పడలేదు’ అనుకుంటాం. కానీ డెంగీ, టైఫాయిడ్ వంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు ఎక్కువగా రాలడం మామూలే. అది చాలావరకు తిరిగి వస్తుంది. ఐరన్ లోపం, థైరాయిడ్ సమస్య కూడా కారణం కావచ్చు. వీటిలో దేనికీ మినాక్సిడిల్ అసలు చికిత్స కాదు.

గుర్తుంచుకోండి:

• 18 ఏళ్లలోపు వారికి డాక్టర్ చెప్పకుండా ఇది రాయవద్దు.

• పెద్దలు వాడుతుంటే రాసుకున్నాక చేతులు కడుక్కోండి. మందు అంటిన చర్మం, దిండు పసిపిల్లలకు తగలనివ్వకండి. వాళ్ల ఒంటిమీద వెంట్రుకలు పెరిగే ప్రమాదం ఉంది.

• సీసా పిల్లలకు అందకుండా పెట్టండి. పొరపాటున తాగితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

• జుట్టు రాలడం ఆగకపోతే మెడికల్ షాపుకు కాదు, కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఈ నెల ఇంట్లో ఏదైనా మందు పెట్టె తీసి, అందులోని దుష్ప్రభావాల కాగితాన్ని పిల్లలతో కలిసి చదవండి. ‘ప్రసరణ’ పాఠం వారికి ఇంకా బాగా అర్థమవుతుంది.