సరి, బేసి, సంఖ్యల వరుస

పిల్లలు ఒంట్లను నూఱువఱకు గడగడ నప్పగించినంత మాత్రమున సంఖ్యల నెఱిగిరని తలంచుట పొరపాటు. ఈ సంగతి మాకు శిష్యుడొకడు తెలిపెను. వాడు ఒంట్లన్నియు తప్పులేక యప్పగించెను గాని, "నలుబదికి ముందు సంఖ్య యేది?" యని యడుగగా మిన్నకుండెను. సోమరివని మేము కసరితిమి. వాని కన్నులు చెమ్మగిల్లెను. ఆలోచించి చూడగా తప్పు మాదేయని తెలిసినది. వానికి మేము రాగమును నేర్పితిమి గాని వరుసను నేర్పలేదు.

మఱునాడు దోసెడు చింతగింజలు తెప్పించితిమి. సరిబేసి యాట మన పిల్లలకు క్రొత్త గాదు. ఒకడు గుప్పిట మూసి యడుగును, వేఱొకడు చెప్పును. మేము గుప్పిట విప్పించి గింజలను రెండేసి చొప్పున పేర్పించితిమి. అన్నియు జతగూడినచో సరి. ఒకటి యొంటిగా మిగిలినచో బేసి. 8 గింజలు 4 జతలగును. 9 గింజలలో 4 జతలు పోగా ఒకటి మిగులును. పిమ్మట ఒక్కొక్క గింజను చేర్చుచు పోయితిమి. సరికి ఒకటి చేర్చిన నది యొంటిగా నుండును. మఱియొకటి చేర్చిన దానికి జత దొరకును. కావుననే సంఖ్యల వరుసలో సరి వెంట బేసియు, బేసి వెంట సరియు వచ్చును. వెనుకకు లెక్కించినను అంతే. 40 గింజలలో నొకటి తీయుమనగా, ఆ బాలుడే "39, బేసి" యని చెప్పెను.

374 మొదట 3 యున్నదని దానిని బేసి యనువారు పెద్ద తరగతులలోను గలరు. పది గింజలు 5 జతలు. నూఱు గింజలు 50 జతలు. పదులలోను నూర్లలోను ఒంటిగింజ మిగులదు గనుక ఒకట్ల స్థానమును చూచిన చాలును. అచ్చట 0, 2, 4, 6, 8 లలో నేది యున్నను ఆ సంఖ్య సరి, లేకున్న బేసి. రెండు బేసి గుప్పిళ్లను కలిపిన నేమగునో బాలబాలికలు స్వయముగా పరీక్షించి చూతురుగాక.

కొన్ని దినములకు ఆ బాలుడు వట్టి గుప్పిట విప్పి చూపి, "అయ్యగారూ, ఇది సరియా, బేసియా?" యనెను. తరగతి యంతయు నవ్వెను. వానినే చెప్పుమంటిమి. "ఒంటిగింజ మిగులలేదు. 1 బేసి గనుక దానికి ముందున్నది సరియే కావలెను" అనెను. అవును, సున్న సరిసంఖ్యయే.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలు ఒంట్లు చదువునప్పుడు "దీనికి ముందేది? తరువాత నేది?" యని మెల్లగా నడుగుడు. బదులు రాకున్న కసరకుడు, గుప్పెడు గింజలిండు.