మిషన్ వచ్చింది సరే, మెయిన్ బోర్డు చూశావా చెల్లీ?

చెల్లీ, మన పల్నాడులో వడ్రంగం ఎప్పుడూ ఇంటి ముందు పనే. వేపచెట్టు కింద బాడిసె, ఉలి, దూగోడ పెట్టుకుని నాగళ్ళూ, బండిచక్రాలూ, ద్వారబంధాలూ చేసిన ఊళ్ళు మనవి. ఇప్పుడు అదే వసారాలో, పెరటి రేకుల షెడ్డులో, నరసరావుపేటలాంటి చోట ఇంటి కింది సెల్లార్‌లో రంపం మిషన్, చిత్రిక మిషన్, గ్రైండర్ తిరుగుతున్నాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులూ ఉన్నారు. పనిముట్లకు 15 వేల రూపాయల దాకా సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తర్వాత రెండు లక్షల దాకా అప్పు. అరిగిపోయిన భుజాలకు కాస్త సుఖం దొరుకుతుంటే సంతోషమే. కానీ మిషన్ కొత్తది, ఇంటి వైరింగేమో ఎప్పుడో ఫ్యానుకూ బల్బుకూ టీవీకీ వేసింది. నా దిగులంతా అక్కడే.

ముందు ఒక లెక్క విను. చేతి రంపం మిషన్ మామూలుగా 1,200 నుంచి 1,500 వాట్లు ఉంటుంది. మన 230 వోల్టుల కరెంటు మీద ఐదారు ఆంపియర్లు లాగుతుంది. స్విచ్ వేసిన క్షణంలో అంతకు కొన్ని రెట్లు. సెల్‌ఫోన్ ఛార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్టు దానికి చాలదు. బల్ల రంపం అయితే అసలే చాలదు. 16 ఆంపియర్ల సాకెట్టు, మెయిన్ బోర్డు నుంచి దానికి విడిగా 2.5 చదరపు ఎం.ఎం. రాగి వైరు, దానికంటూ ఒక ఎం.సి.బి. ఉండాలి.

"ఎం.సి.బి. ఉందిగా అక్కా, ఇంకేం భయం?" అంటావు. అందరం అనుకునేది అదే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. కాపాడేది వైరును. వైరు కాలిపోయేంత కరెంటు పారితే పడిపోతుంది. మనిషి సంగతి దానికి తెలియదు. 10, 15 మిల్లీ ఆంపియర్లకే చేతి కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేం. అంతకు కొన్ని రెట్లు ఛాతీలోంచి పారితే గుండె లయ తప్పుతుంది. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి పోయాక కూడా ఆ ఎం.సి.బి. పైకే ఉంటుందమ్మా.

మనిషి కోసం పెట్టేది ఆర్.సి.సి.బి. ఇంట్లోకి వెళ్ళిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది అనుక్షణం చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు ఎక్కడో దారి తప్పిందంటే, అంటే ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందంటే, రెప్పపాటులో సరఫరా కోసేస్తుంది. కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడుగు. 100, 300 రకాలూ ఉంటాయి, అవి మనిషి ప్రాణానికి సరిపోవు. దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. నెలనెలా కరెంటు బిల్లు కట్టే రోజున ఒకసారి నొక్కు. టక్కున పడాలి. పడలేదా, మార్పించాల్సిందే. ఇంకో మాట. ఒక చెయ్యి ఫేజు మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పడితే అదీ కనిపెట్టలేదు. అందుకే బ్లేడు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి.

ఇక ఎర్తింగు. ఇది మన నేలకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి. మనది సున్నపురాయి నేల. పలుగు వేస్తే బండ తగిలే చోట్లు ఎన్నో. బండ తగిలిందని ఎర్త్ రాడ్ సగంలో ఆపేసి పైన సిమెంటు పూసేస్తే అది పేరుకే ఎర్త్. పైగా మన రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా ఎరిగినవే. వేసవిలో గుంటలో తేమ ఆరిపోతే బాగా వేసిన ఎర్త్ కూడా బలహీనపడుతుంది. గుంటలో ఉప్పూ బొగ్గూ వేయించు, ఎండాకాలం నీళ్ళు పోస్తూ ఉండు. లోతు దొరకని చోట ఇంకో రాడ్ వేయించి రెండూ కలిపించు. ఎలక్ట్రీషియన్‌ను ఎర్త్ టెస్టర్‌తో కొలిచి చూపించమను. కొందరు ఎర్త్ లేని చోట సాకెట్టులో న్యూట్రల్ వైరునే ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే మిషన్ ఇనుప ఒళ్ళంతా కరెంటే. అలా కలపనివ్వకు. మూడు పిన్నుల్లో పెద్దదైన ఎర్త్ పిన్నును విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చనివ్వకు. ముందుగా తగలాలనే దాన్ని పొడవుగా చేశారు. మిషన్ ముట్టుకుంటే చురుక్కుమంటోందని ఎవరన్నా అంటే పని అక్కడే ఆపించు. ఆ చురుక్కు రేపు పట్టి లాగుతుంది.

మరొకటి, పొలం ఉన్న ఇళ్ళవాళ్ళకు తేలిగ్గా అర్థమయ్యేది. బోరు మోటారుకు స్టార్టర్ డబ్బా ఉంటుంది కదా. కరెంటు పోయి వచ్చినా, పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. రాత్రి పొలం వెళ్ళలేక రైతులు దానికి ఆటోమేటిక్ స్విచ్ పెట్టించుకుంటారు. రంపానికి అలాంటిది పనికిరాదు. మామూలు స్విచ్‌తో నడిచే బల్ల రంపం, కరెంటు పోతే ఆగుతుంది. మనిషి ఇరుక్కున్న చెక్క తీస్తుంటాడు. కరెంటు వస్తుంది, బ్లేడు గిర్రున లేస్తుంది. కాబట్టి బల్ల రంపానికి మళ్ళీ నొక్కితేనే తిరిగే స్టార్టర్ తప్పనిసరి. అది లేనంతకాలం, కరెంటు పోగానే ముందు స్విచ్ ఆపే అలవాటైనా ఉండాలి.

ఇప్పుడు మన చేతిలో పని. పొద్దున్నే కళ్ళాపి చల్లుతాం, మాచర్ల బండల మీద నీళ్ళు పోసి కడుగుతాం. రాత్రి పనిచేసి వదిలేసిన ఎక్స్‌టెన్షన్ బాక్సు అక్కడే పడి ఉంటుంది. తడి బండ, తడి కాళ్ళు, తడి చేతులు ఉన్నచోట షాక్ మామూలుకన్నా గట్టిగా కొడుతుంది. పని కాగానే బాక్సు ఎత్తి గోడకు తగిలించాలని ఇంట్లో నియమం పెట్టు. ఆ వైరును చుట్టగా ఉంచి మిషన్ నడిపితే లోలోపల వేడెక్కి కరుగుతుంది, పూర్తిగా విప్పాలి. రంపపు పొట్టు స్విచ్‌బోర్డులోకీ మోటారు కంతల్లోకీ చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. సాయంత్రం పొట్టు ఊడ్చేసి, మెయిన్ ఆపి తలుపెయ్యండి. సెల్లార్‌లో పని అయితే బోర్డులు నడుమెత్తుకు పైనే ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద విజయవాడ ఇళ్ళలోకి ఎలా వచ్చిందో చూశాం. నీళ్ళు చేరిన సెల్లార్‌లోకి మెయిన్ ఆపకుండా ఎవరూ దిగకూడదు. తడిసిన బోర్డును ఎలక్ట్రీషియన్ చూసేదాకా వెయ్యకూడదు.

జరగకూడనిది జరిగితే, ఆత్రంలో మనిషిని పట్టుకోకు. ముందు మెయిన్ ఆపు. అది అందకపోతే పొడి కర్రతో వైరు పక్కకు నెట్టు. 108కి ఫోన్ చెయ్యి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్య రెండు చేతులతో, 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండు. వీధిలో తీగ తెగిపడితే దగ్గరికెళ్ళకుండా 1912కి చెప్పు.

ఆర్.సి.సి.బి., సరైన ఎర్త్, స్టార్టర్. ఈ మూడింటి ఖర్చూ మిషన్ ఖర్చులోనే రాసుకోవాలి. అప్పు తీసుకునే రోజే, అంగడికి వెళ్ళే రోజే ఇంట్లో గట్టిగా అడుగు. "నీకేం తెలుసు" అంటే, తెలిసిందంతా ఇలాగే కూర్చోబెట్టి చెప్పు. ఆ సంపాదన తినేది ఇంటిల్లిపాదీ. ఆ మనిషి క్షేమం అడిగే హక్కు అందరికంటే ముందు నీది.